పడవ వెనక గరగర

మూసారాంబాగ్‌లో పడవ కనిపించిందంటే మూసీ పొంగిందనే అర్థం. జంట జలాశయాల గేట్లు ఎత్తగానే పాత వంతెన మునుగుతుంది, రెండు వైపులా బారికేడ్లు పడతాయి, అంబర్‌పేట వెళ్లాల్సినవాళ్లు గోల్నాక వైపు చుట్టు తిరుగుతారు. 2022 జులైలో అదే జరిగింది. అంతకు ముందు, 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో జనాన్ని రబ్బరు పడవల మీద బయటికి తెచ్చారు. తూర్పు హైదరాబాదుకు పడవతో ఉన్న పరిచయం ఇంతే. సరదాగా పడవెక్కాలంటే ట్యాంక్‌బండ్ వెళ్లాలి, తీరిక ఇంకాస్త ఉంటే నాగార్జునసాగర్.

అలాంటి చోట కూర్చుని పాత మోటారు బోటు వెనక వచ్చే గరగర మీద ముఖచిత్ర కథనం ఏమిటని అడగొచ్చు. మొదటి కారణం మన పిల్లలు. అట్లాంటాలో, డల్లాస్‌లో, డెట్రాయిట్‌లో ఇల్లు కొన్న కొన్నాళ్లకు వాళ్ల చూపు పక్కనున్న సరస్సు మీద పడుతుంది. కొత్త బోటు ధర వింటే కళ్లు తిరుగుతాయి. ఇరవై, పాతికేళ్ల పాతదైతే పాత కారు ధరకే వస్తుంది. కొన్న తొలి వేసవిలోనే వెనక నుంచి చప్పుడూ వస్తుంది.

రెండో కారణం ఆ చప్పుడు చేసే సామాను. అది మనకు కొత్తదేమీ కాదు. మూసారాంబాగ్ అన్న పేరు ఎవరి వల్ల వచ్చిందో ఆ ఫ్రెంచి సేనాని రేమండ్, 1798లో చనిపోయేదాకా నిజాం కోసం ఫిరంగులు పోత పోయించినవాడు. లోహంతో పని ఈ వైపు వాళ్లకు అప్పటి నుంచీ ఉన్నదే. ఇవాళ ఎల్బీనగర్ దాటి, హరిణ వనస్థలి పక్కనున్న ఆటోనగర్‌లో ఏ లారీ కిందికి దూరినా క్రాస్, బేరింగ్, కప్లింగ్, రబ్బరు తొడుగు కనిపిస్తాయి. బోటులోనూ అవే ఉంటాయి, కాకపోతే నీళ్ల పక్కన తిరుగుతాయి. తంటా అంతా ఆ నీళ్లతోనే.

లోపల ఇంజను, బయట కాలు

పాపికొండలకు తిరిగే లాంచీని గుర్తు తెచ్చుకోండి. ఇంజను పడవలో ఉంటుంది. దాని నుంచి ఒక తిన్నని షాఫ్టు అడుగు భాగం దాటి నీళ్లలోకి వస్తుంది, చివర పంకా. తిప్పడానికి వేరే చుక్కాని, దాన్ని పట్టుకుని సరంగు. ఇది ఒక పద్ధతి. కాకినాడ, విశాఖ తీరంలో చిన్న పడవలకు ఇంజనూ పంకా ఒకే ముక్కగా వెనక్కి తగిలించుకుంటారు. వరద సహాయానికి వచ్చే రబ్బరు పడవలకూ అదే. దాన్ని అవుట్‌బోర్డ్ అంటారు.

స్టెర్న్‌డ్రైవ్ ఈ రెండింటికీ మధ్యది. కారుకు సరిపోయేంత పెద్ద ఇంజను పడవ లోపల, వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ గోడ పేరు ట్రాన్సమ్. గోడకు అవతల అవుట్‌బోర్డు కింది సగంలాంటి కాలు వేలాడుతుంది. ఇంజను శక్తి గోడ దాటి ఆ కాలిలోకి పోయి, పైన ఒక జత గేర్లతో కిందికి మళ్లి, అడుగున ఇంకో జతతో మళ్లీ వెనక్కి తిరిగి పంకాను చేరుతుంది. వేరే చుక్కాని లేదు, కాలే కుడి ఎడమలకు తిరుగుతుంది. లోతు తక్కువైతే పైకి లేస్తుంది కూడా.

ఇంజను కదలదు, కాలు అన్ని వైపులా కదులుతుంది. ఆ రెండింటి మధ్య షాఫ్టు ఆగకుండా తిరగాలి. అందుకని అక్కడ రెండు యూనివర్సల్ జాయింట్లు పెట్టారు, మెకానిక్కుల మాటలో రెండు క్రాస్‌లు. క్రాస్‌లు దాటి లోపలికొచ్చే షాఫ్టును పట్టుకోవడానికి గోడలో ఒక బేరింగు, దాన్ని గింబల్ బేరింగ్ అంటారు. ఇంకా లోపల, ఫ్లైవీలుకు బిగించిన కప్లింగు. దాని నడుమ రబ్బరు పోసి ఉంటుంది. క్రాస్‌ల మీదికి నీళ్లు రాకుండా ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టం ఒకటి తొడుగుతారు. దాని పేరు బెలోస్. ఈ పేరు మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ ఏర్పాటును 1959 జనవరిలో న్యూయార్క్ బోట్ షోలో వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో జనానికి చూపించింది. ఆలోచన జిమ్ విన్ అనే అమెరికన్ ఇంజనీరుది, మెర్క్యురీ కంపెనీలో పనిచేసి బయటికొచ్చినవాడు. ఆయన వదిలొచ్చిన కంపెనీ కూడా ఊరుకోలేదు, రెండేళ్లలో మెర్‌క్రూయిజర్‌తో దిగింది. తర్వాత ఓఎంసీ అనే మరో కంపెనీ వచ్చింది, 2000 డిసెంబరులో దివాలా తీసింది. అందుకే పాత ఓఎంసీ డ్రైవు ఉన్న బోటు మరీ చౌకగా వస్తోందంటే, ముందు దాని స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి. ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా తగిలేవి మెర్‌క్రూయిజర్ ఆల్ఫా, బ్రావో రకాలు. కింద చెప్పేది ముఖ్యంగా వాటి గురించే. వోల్వో పాత డ్రైవుల్లో బేరింగుల అమరిక వేరు.

మేస్త్రి అడిగిన మూడు ప్రశ్నలు

మా చెల్లెలి కొడుకు మూసారాంబాగ్ పిల్లాడు. ఇప్పుడు అట్లాంటాకు ఉత్తరాన, లేక్ లేనియర్ దగ్గర్లో ఉంటున్నాడు. చట్టాహూచీ నది మీద 1956లో పూర్తయిన బ్యూఫర్డ్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లవి. వాడు కొన్నది 1990ల నాటి బోటు, ఆల్ఫా డ్రైవు. చప్పుడు వస్తోందని చెబితే ఒక మెకానిక్ చూడకుండానే బేరింగ్ మార్చాలన్నాడట. అక్కడ గంట కూలీ వంద డాలర్లు దాటుతుంది. వీడు ఆ చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపాడు. నేను దాన్ని ఆటోనగర్‌లో లారీ షాఫ్టులు దించి ఎక్కించడంలో తలపండిన ఒక మేస్త్రికి వినిపించి, వీడియో కాల్ కలిపాను.

"కాకా, నమస్తే. చప్పుడు విన్నరా?"

"విన్న బిడ్డా. ఫోన్ల అన్నీ ఒక్కతీరుగనే ఇనపడ్తయ్. నువ్ చెప్పు. స్టీరింగ్ సీదా ఉన్నప్పుడు వస్తదా?"

"తక్కువ. ఫుల్ తిప్పితే గర్ర్‌మంటది. ఎడమకు జర ఎక్కువ."

"న్యూట్రల్ల?"

"న్యూట్రల్ల గూడ వస్తది."

"గట్లయితే గేర్ల దిక్కు ఇప్పుడే పోకు, నడుమల చూడు. క్రాస్ మీద రబ్బర్ తొడుగు అన్నవ్ గదా, గది పగిలిందా?"

వాడు చూడలేదు. చూడమని వాడికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు కూడా.

"సరే, ఒక్కపారి స్టార్ట్ చెయ్, వింట."

"బోటు ఒడ్డు మీద ఉంది కాకా. నీళ్లు పెట్టకుండ తిప్పితే పంపుల రబ్బర్ రెక్కలు కాలిపోతయ్."

"నాకేమెరుక బిడ్డా, మా లారీకి రేడియేటర్ ఉంటది" అని మేస్త్రి నవ్వాడు.

బోటు ఎన్నడూ విప్పని మనిషి సరిగ్గా అడగాల్సినవే అడిగాడు. ఎలాంటి చప్పుడు అని అడగలేదు, ఎప్పుడు వస్తోంది అని అడిగాడు. ఫైబర్ బాడీ చప్పుడును మోసుకుపోతుంది. వెనక పుట్టింది ముందు సీటు కింద వినిపిస్తుంది. గరగర, గలగల, కటకట అని ఎంత వర్ణించినా మనిషికో తీరు. ఏ పరిస్థితిలో పెరుగుతుంది, ఏ పరిస్థితిలో ఆగుతుంది అన్నదాంట్లో మాత్రం తేడా ఉండదు.

తిన్నగా పోతున్నప్పుడు క్రాస్‌ల మీద కోణం దాదాపు ఉండదు. స్టీరింగు తిప్పితే కోణం పెరుగుతుంది, షాఫ్టు బేరింగును పక్కకు తోస్తుంది, క్రాస్ కప్పుల్లోని సూది బేరింగులు ఆడటం మొదలుపెడతాయి. తిప్పినప్పుడే గరగర పెరిగితే అనుమానం గింబల్ బేరింగు మీదా క్రాస్‌ల మీదా పడాలి. ముందు చక్రాలతో నడిచే కారుకు బూటు చినిగితే, యూటర్న్ తీసుకున్నప్పుడల్లా కట్‌కట్ మంటుంది కదా, ఇదీ ఆ జబ్బే. కాలు కొంచెం పైకి లేపినప్పుడు టక్‌టక్ మంటే క్రాస్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది. పూర్తిగా లేపి ఇంజను తిప్పడం మాత్రం తప్పు, అప్పుడు మంచి క్రాస్ కూడా అరుస్తుంది.

న్యూట్రల్ సంగతి కాస్త చిక్కు. న్యూట్రల్‌లో చప్పుడుందంటే డ్రైవుది కాదు, ఇంజనుదే అని చాలామంది తేల్చేస్తారు. తప్పు. ఇంజను తిరుగుతున్నంతసేపూ క్రాస్‌లు, బేరింగు, పై గేర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆల్ఫాలో గేరు మార్చే ఏర్పాటు అట్టడుగున ఉంటుంది కాబట్టి నిలువు షాఫ్టూ, అడుగు గేర్లూ కూడా తిరుగుతాయి, పంకా ఒక్కటే ఆగి ఉంటుంది. బ్రావోలో ఆ ఏర్పాటు పై భాగంలో ఉంటుంది కాబట్టి న్యూట్రల్‌లో అడుగు భాగం కదలదు. అంటే ఒకే చప్పుడు, ఒకే న్యూట్రల్, డ్రైవు రకాన్ని బట్టి అర్థం వేరు. గేరు వేసి, బరువు పడ్డాకే మూలుగు మొదలై, వేగంతో పాటు పెరుగుతుంటే అప్పుడు అడుగు గేర్లు, పంకా షాఫ్టు బేరింగుల వంతు.

ఇవేవీ కాని దొంగలు కొన్ని ఉంటాయి. పొగ గొట్టంలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే రబ్బరు రేకు కాలిపోతే లోపల టపటప కొట్టుకుంటుంది. పొగ వైపు బెలోస్ ఊడితే బోటు ఒక్కసారిగా గట్టిగా అరుస్తుంది, సైలెన్సరు ఊడిన ఆటోను విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆల్టర్నేటర్ బేరింగు మూలుగు కూడా వెనక నుంచే వస్తుంది, బెల్టు తీసి క్షణం సేపు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఆల్టర్నేటరే పోతే కారుది తెచ్చి పెట్టొద్దు. బోటుకు వాడేది నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టినది. పెట్రోలు ఆవిరి అడుగున పేరుకునే చోట ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజను స్టార్టు చేసే ముందు గాలి తోడే బ్లోయరును కనీసం 4 నిమిషాలు తిప్పమని చెప్పేదీ అందుకే.

ఒడ్డు మీద పరీక్షించేటప్పుడు కాలికి నీళ్లు పీల్చే రంధ్రాల మీద రబ్బరు కప్పులు పెట్టి, తోట గొట్టంతో నీళ్లు వదలాలి. పంకా ఊడదీయాలి. ఒకరు స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పుతుంటే, ఇంకొకరు లోపల పొడవాటి స్క్రూడ్రైవరు కొన గోడలోని బేరింగు ఇంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినాలి. తిరిగే బెల్టులకు చొక్కా అంచు తగలకుండా చూసుకోవాలి. ఇంకా సందేహం ఉంటే డ్రైవును దించేసి, వేరే దారిలో ఇంజనుకు నీళ్లిచ్చి ఒకసారి తిప్పాలి. డ్రైవు లేకపోతే గింబల్ బేరింగు తిరగదు. చప్పుడు పోతే అది బయటిది, ఉంటే లోపలిది.

నూనె చెప్పేది వేరు. అడుగు బోల్టు తీసి గేరాయిలు కొంచెం వదిలి చూడాలి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి. బోల్టు అయస్కాంతానికి బూడిదలాంటి పేస్టు అంటుకోవడం మామూలే. వేళ్ల మధ్య గుచ్చుకునే లోహపు తునకలు వస్తే గేరో బేరింగో విరుగుతోంది. అప్పుడు బోటును నీళ్లలోకి దించకూడదు. మళ్లీ నింపేటప్పుడు పై నుంచి పోయకూడదు, కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కించాలి. పైన నూనె పొంగేదాకా. పై నుంచి పోస్తే గాలి లోపలే నిలిచిపోయి, నిండిందనుకున్న గేర్లు నూనె చాలక నడుస్తాయి.

అసలు దోషి

బేరింగు పోయింది, మార్చేశాం, పని అయిపోయింది అంటారు. నాకు నచ్చని మాట అది. బేరింగు దానంతట అది పోవడం తక్కువ. దాన్ని పోగొట్టింది రబ్బరు.

బెలోస్ ముడతల లోపలి మడతలో పగుళ్లు వస్తాయి. బయటి నుంచి చూస్తే రబ్బరు నల్లగా, నిండుగా ఉంటుంది. కాలును పక్కకు పూర్తిగా తిప్పి, పైకి లేపి, ముడతలు విచ్చుకున్నాక టార్చి వేసి చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. ఒక్క గీత తెగితే చాలు, నీళ్లు క్రాస్‌ల మీదికి చేరతాయి. గ్రీజు తెల్లబడుతుంది, సూదులు తుప్పు పడతాయి, తర్వాత బేరింగు. చప్పుడు వినిపించే వేళకు ఈ తతంగం మొదలై చాలా రోజులవుతుంది. అంతటితో ఆగితే ఖర్చుతో పోతుంది. బేరింగు నీళ్లను ఆపే తలుపు కాదు. తెగిన బెలోస్‌తో నీళ్లలో కట్టేసి ఉంచిన బోటు రాత్రికి రాత్రి లోపల నిండి, వెనక వైపు నుంచి మునిగిపోవచ్చు. గరగరను భరించొచ్చులే, వచ్చే వేసవికి చూద్దాంలే అనుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఈ సంగతి.

మన లాంచీలకూ ఈ బెడద లేకపోలేదు. షాఫ్టు అడుగు దాటే చోట గ్లాండు ప్యాకింగు ఉంటుంది. ఎక్కువ బిగిస్తే షాఫ్టు కాలుతుంది, తక్కువైతే నీళ్లు కారతాయి. చుక్కచుక్కగా కారేటట్టు వదిలిపెట్టేవాళ్లకు అది కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది. బెలోస్ అలా చెప్పదు, తెగేదాకా ఒక్క చుక్క రానివ్వదు.

అందుకే బేరింగు మార్చిన ప్రతిసారీ బెలోస్ మార్చాలి. అంత విప్పాక పాత రబ్బరు మళ్లీ తొడగడం పిసినారితనం కూడా కాదు, లెక్క రాకపోవడం. బోటు నిలిపి ఉంచేటప్పుడు కాలును కిందికి దించి ఉంచాలి, లేపి ఉంచితే ముడతలు సాగి, అదే రూపంలో గట్టిపడి, అక్కడే పగులుతాయి. ట్రైలరు మీద పోయేటప్పుడు లేపక తప్పదు. ఇంటికి రాగానే దించితే సరి.

విప్పడం, ఎక్కించడం

మా వాడు మొదట బెలోస్ చూశాడు. రెండో ముడతలో సగం దూరం తెగి ఉంది. అప్పుడు డ్రైవు దించాలని నిర్ణయించుకున్నాడు. ఆల్ఫాను దించే ముందు గేరు ఫార్వర్డ్‌లో పెట్టాలి, లేకపోతే గేరు కడ్డీ వదలదు. అప్పుడు బలం వాడినవాళ్లు గేరు కేబులును వంచుకుంటారు. ఆరు నట్లు విప్పి, ఇద్దరు పట్టుకుని వెనక్కి లాగాలి, కాలు బరువు తేలిక కాదు. లాగగానే బెలోస్‌లోంచి తుప్పు రంగు నీళ్లు కారాయని వాడు ఫోటో పంపాడు. మేస్త్రికి చూపిస్తే తల పంకించాడు.

డ్రైవు బయటికొచ్చాక క్రాస్‌లను చేత్తో పట్టుకుని రెండు దిక్కులకూ ఆడించాలి. నూనె రాసినట్టు కదలాలి. నడిమధ్యలో ఎక్కడో చిన్న పట్టు తగిలితే, ఎంత చిన్నదైనా, క్రాస్ పోయినట్టే. గోడలోని బేరింగు లోపలి వలయంలో వేలు పెట్టి తిప్పితే ఇసుక తగిలినట్టుంటే దాని పనీ అయిపోయింది. వాడి బోటులో రెండూ పోయాయి. లారీ క్రాస్‌ను ఎలా మారుస్తారో ఇదీ అలాగే: సర్‌క్లిప్పులు తీసి, కప్పులను వైస్‌లో పెట్టి అటు నుంచి ఇటు నొక్కడం. కొత్త కప్పు ఎక్కించేటప్పుడు ఒక్క సూది పక్కకు పడితే కప్పు పూర్తిగా కూర్చోదు, అప్పుడు సుత్తి తీసుకోకుండా కప్పు మళ్లీ బయటికి తియ్యాలని మేస్త్రి ఇక్కడి నుంచే చెప్పాడు.

గింబల్ బేరింగును జారే సుత్తి ఉన్న పుల్లరుతో లాగాలి. కొత్తది కొట్టేటప్పుడు బయటి చుట్టులో చీలిక ఎటుందో చూసి, గ్రీజు వచ్చే రంధ్రానికి సరిగ్గా ఎదురు పెట్టాలి. అది తప్పితే గ్రీజు గన్ ఎంత నొక్కినా బేరింగుకు చేరదు, చేరిందనుకుని రెండు వేసవులు గడిచిపోతాయి. తర్వాత కొత్త బెలోస్. పాత జిగురును పూర్తిగా గీకి, ఆరబెట్టి, కొత్త జిగురు పూసి, క్లిప్పు బిగించాలి. విసుగు పుట్టించే పని ఇదే, తొందరపడకూడని పనీ ఇదే.

చాలామంది ఎగ్గొట్టే ఘట్టం ఆ తర్వాతది. ఇంజను ముందు కాళ్ల రబ్బర్లు ఏళ్ల తరబడి అణిగి, ఇంజను కొంచెం కిందికి దిగి ఉంటుంది. అప్పుడు కప్లింగూ బేరింగూ ఒకే గీత మీద ఉండవు. పొడవాటి అలైన్‌మెంట్ కడ్డీని బేరింగులోంచి కప్లింగు పళ్లలోకి దూర్చి చూడాలి. రెండు వేళ్లతో తోస్తే జారిపోవాలి. పళ్లకు గ్రీజు పూసి దూరిస్తే, కడ్డీ మీద గుర్తు చుట్టూ సమానంగా పడాలి. పైన మాత్రమే పడినా కింద మాత్రమే పడినా ముందు కాళ్ల నట్లు తిప్పి ఇంజనును లేపడమో దించడమో చెయ్యాలి. ఇది చూసుకోకుండా డ్రైవు ఎక్కిస్తే కొత్త బేరింగు పాతదాని దారే పడుతుంది. కప్లింగు పళ్లు అరిగిపోతే ఇంజను పరుగెడుతుంది, పడవ నిలబడుతుంది. దాని నడుమ రబ్బరు తెగినా అంతే, అప్పుడు కాలిన వాసన కూడా వస్తుంది. వాడి బోటులో కడ్డీ మొదట దూరనే లేదు. పాత చప్పుడుకు సగం కారణం అక్కడే ఉందని నా అనుమానం.

షాఫ్టు పళ్లకు గ్రీజు, ఓ-రింగులు కొత్తవి, ఆరు నట్లు టార్క్ రెంచితో 50 ఫుట్-పౌండ్లకు. మొదటిసారి నీళ్లలోకి దించినప్పుడు ట్రైలరు పట్టీ విప్పకుండానే లోపల టార్చి వేసి గోడ అడుగున తడి ఉందేమో చూడాలి. వాడి బోటులో ఉన్నది పాత తుప్పు మరక మాత్రమే. ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, గరగర లేదు. ఐడిల్లో మాత్రం సన్నగా గలగల మిగిలింది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని కుదుపులకు గేరు పళ్లు ఒకదాన్నొకటి తాకే చప్పుడది, ఆల్ఫా డ్రైవుల్లో మామూలే. కొంచెం వేగం పెంచితే పోతుంది. దాన్ని పోగొట్టడానికి ఇంకేమైనా విప్పాలా అని వాడు అడిగితే, "ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడు మేస్త్రి.

పోయిన వారం మళ్లీ ఫోను. ఈసారి చప్పుడు బోటులో కాదు, దాన్ని మోసే ట్రైలరు చక్రంలో. హైవే మీద వేడెక్కిన హబ్బును అలాగే చల్లటి నీళ్లలో ముంచుతారు. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, సీలు అరిగి ఉంటే అంచులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. మేస్త్రికి ఈసారి ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు. "జాకీ ఎక్కించు, చక్రం తిప్పు, ఫోను దగ్గర పెట్టు" అంటూ స్టూలు ముందుకు లాక్కున్నాడు.